ముందు టేపు, తర్వాత వైఫై

పొద్దున్నే ఐదున్నరకి మా వీధిలో వినిపించే మొదటి కేక, "మోటారు కట్టెయ్యండీ!" డాబా మీద ట్యాంకు నిండి పొర్లి వాకిట్లోకి నీళ్లు దూకుతుంటాయి. ఎవరో ఒకరు నిద్రకళ్లతో స్విచ్చి దగ్గరికి పరుగెత్తుతారు. ఎండాకాలంలో ఇదే కథ తిరగబడుతుంది. తలకి షాంపూ రాసుకున్నాక కుళాయిలో చుక్క రాదు. పైన ఎంత నీరుందో కిందనున్నవాళ్లకి తెలియకపోవడమే ఈ రెండు అవస్థలకీ కారణం.

"ఇంటర్నెట్‌కి కలిసే ఎలక్ట్రానిక్స్ నేర్చుకోవాలని ఉంది, ఏ ప్రాజెక్టుతో మొదలుపెట్టమంటారు?" అని అడిగినవాళ్లందరికీ నేను ఈ ట్యాంకునే చూపిస్తాను. నీటిమట్టం ఫోనులో కనపడాలి. ఈ అధ్యాయమంతా ఆ ఒక్క పని గురించే. అందులో ఇమడని విషయం ఈ రంగంలో చాలా తక్కువ.

ట్యాంకునే ఎందుకంటే, దాని జవాబుని మీరు సరిచూసుకోగలరు. గాలిలో కాలుష్యం కొలిచే సెన్సరు 180 అని చూపించిందనుకోండి, అది నిజమో కాదో తేల్చే సాధనం మీ ఇంట్లో లేదు. నమ్మడమో మానడమో తప్ప దారి ఉండదు. ట్యాంకులో 62 సెంటీమీటర్ల నీళ్లున్నాయని సెన్సరు అంటే, నిచ్చెనెక్కి టేపు దించండి, రెండు నిమిషాల్లో తేలిపోతుంది. కొత్తగా నేర్చుకునేవారికి పక్కన కూర్చుని చెప్పే మాస్టారు లేకపోయినా, ఆ టేపు మాస్టారు పని చేస్తుంది.

చాలామంది దీనికి ఎదురు దారిలో వస్తారు. 37 సెన్సర్లున్న కిట్టు ఒకటి కొంటారు. మొదటి వారం అన్నిటినీ వెలిగించి చూస్తారు. తర్వాత ఆ పెట్టె బీరువా మీదికి చేరుతుంది. నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఇలాంటివారిని చాలామందిని చూశాను. వాళ్లకి తెలివి తక్కువై కాదు, పెట్టెలో 37 జవాబులున్నాయి గానీ వాళ్ల దగ్గర ఒక్క ప్రశ్న కూడా లేదు. మీ ఇంట్లో నిజంగా బాధిస్తున్న ప్రశ్న ఒకటి పట్టుకోండి. దానికి కావలసిన సెన్సరు మాత్రమే కొనండి.

మన పనికి కావలసినవి ఇవి: నోడ్‌ఎంసీయూ బోర్డు ఒకటి, హెచ్‌సీ-ఎస్ఆర్04 అనే అల్ట్రాసోనిక్ సెన్సరు ఒకటి, బ్రెడ్‌బోర్డు, గుప్పెడు జంపర్ వైర్లు, ఒక కిలో ఓము రెసిస్టరు, రెండు కిలో ఓముల రెసిస్టరు, మంచి యూఎస్‌బీ కేబులు. అన్నీ కలిపి వెయ్యి రూపాయల్లోపే. హైదరాబాదులో ఉన్నవారు కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే ఒక్క వీధిలో అన్నీ దొరుకుతాయి. దూరపు ఊళ్లవారికి పోస్టులో వస్తాయి. వీలైతే మూడు నాలుగు వందలు పెట్టి మల్టీమీటరు కూడా తీసుకోండి. ఇంకో సెన్సరు కొనేకంటే అదే మేలు.

ఆ బోర్డు గురించి రెండు మాటలు. బోర్డు మీద మెరిసే లోహపు మూత కింద ఉన్న చిప్పు పేరు ఈఎస్‌పీ8266. షాంఘైకి చెందిన ఎస్ప్రెసిఫ్ కంపెనీ తయారుచేసింది. 2014లో చిన్న మాడ్యూలు రూపంలో బయటి దేశాలకు చేరినప్పుడు దాని వివరాలు దాదాపు అన్నీ చైనా భాషలోనే ఉన్నాయి. కొన్నవాళ్లు ఊరుకోలేదు. వేరు వేరు దేశాల అభిరుచిపరులు ఆ కాగితాలు అనువదించుకున్నారు, ప్రయోగాలు చేశారు, ఏడాది తిరిగేసరికి ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌తోనే దానికి ప్రోగ్రాము రాసే వీలు కల్పించారు. ఆ ఆర్డుయినో కూడా 2005లో ఇటలీలోని ఇవ్రియా అనే ఊళ్లో డిజైన్ విద్యార్థుల కోసం పుట్టింది. ఎలక్ట్రానిక్స్ చదవనివాళ్లు వాడుకోవాలనే దాన్ని తయారుచేశారు. "నాది తెలుగు మీడియం, నాకిది వస్తుందా?" అని అడిగే పిల్లలకి నేను ఈ చరిత్ర తప్పకుండా చెప్తాను. ప్రోగ్రాములో కంప్యూటరుకి చెప్పే మాటలు ఇంగ్లిషులో ఉంటాయి, అవి పాతిక ముప్పై దాటవు. మీ కోసం మీరు రాసుకునే కామెంట్లు తెలుగులోనే రాసుకోవచ్చు. రాసుకోండి.

మొదటి సాయంత్రం

మొదటి సాయంత్రం సెన్సరు ముట్టుకోకండి. బోర్డుని కంప్యూటరుకి తగిలించి, బోర్డు మీదే ఉన్న చిన్న దీపాన్ని సెకనుకోసారి వెలిగించి ఆర్పండి. అంతే పని. ఇది పది నిమిషాల్లో అయిపోవాలి గానీ కొందరికి రెండు రోజులు పడుతుంది. అడ్డు పడేవి మూడే మూడు.

మొదటిది కేబులు. ఇంట్లో సొరుగు నిండా కేబుళ్లు ఉంటాయి, వాటిలో కొన్ని ఛార్జింగుకే పనికొస్తాయి. లోపల డేటా తీగలే ఉండవు. బోర్డు మీద దీపం వెలుగుతుంది కాబట్టి కేబులు బాగానే ఉందనుకుంటాం. కంప్యూటరుకి మాత్రం బోర్డు కనపడదు. ఆ కేబులుతో ఫోనులోని ఫొటోలు కంప్యూటరులోకి ఎక్కించి చూడండి. ఎక్కితే కేబులు మంచిదే. రెండోది డ్రైవరు. బోర్డు మీద యూఎస్‌బీ పక్కన ఉన్న చిన్న చిప్పు సీహెచ్340 కావచ్చు, సీపీ2102 కావచ్చు. ఏదైతే దాని డ్రైవరు కంప్యూటరులో ఉండాలి. మూడోది వేగం. బోర్డు పంపే మాటల్ని కంప్యూటరులో చూపే సీరియల్ మానిటర్లో పిచ్చి గుర్తులు వస్తుంటే బోర్డు పాడైందని బెంగపడకండి. ప్రోగ్రాములో 115200 అని రాసి, మానిటర్లో 9600 పెట్టి ఉంటారు. రెండూ ఒకటి చేస్తే అక్షరాలు కుదురుకుంటాయి.

ఇంకొకటి, ఇది కొత్తవాళ్లని చాలా వేధిస్తుంది. బోర్డు మీద డీ1 అని రాసి ఉన్న పిన్ను చిప్పు లెక్కలో 5వది. డీ2 అంటే 4వది. డీ4 అంటే 2వది. ప్రోగ్రాములో ఉత్తి 1 అని రాస్తే అది డీ1 అవదు, సీరియల్ మానిటరుకి సమాచారం పంపే పిన్నే అయి కూర్చుంటుంది. డీ1 అని అక్షరంతో సహా రాయండి. బోర్డు మీది దీపం డీ4కి తగిలించి ఉంటుంది, అది తలకిందులుగా పనిచేస్తుంది. పిన్ను "లో"లో ఉన్నప్పుడు వెలుగుతుంది, "హై"లో ఆరిపోతుంది. తప్పు మీది కాదు, బోర్డులో దీపాన్ని కలిపిన తీరే అంత.

రెండో సాయంత్రం సెన్సరు. దీనికి రెండు కళ్లలాంటివి ఉంటాయి. ఒకటి 40 కిలోహెర్ట్జ్ శబ్దాన్ని, అంటే మన చెవికి అందనంత సన్నటి శబ్దాన్ని పంపిస్తుంది. రెండోది ప్రతిధ్వని కోసం వింటుంది. మీరు ట్రిగ్ పిన్నుకి పది మైక్రోసెకన్ల పాటు విద్యుత్ సంకేతం ఇస్తే అది ఒక కేక పెడుతుంది. కేక వెళ్లి, గోడకి తగిలి, తిరిగి వచ్చేదాకా పట్టిన సమయమంతా ఎకో పిన్ను లేచి ఉంటుంది. నూతిలోకి వంగి కేకేసి, ఎంతసేపటికి తిరిగొస్తుందో లెక్కపెట్టిన చిన్నతనం ఉన్నవారికి ఇంతకంటే చెప్పనక్కరలేదు. 20 డిగ్రీల వేడిలో శబ్దం సెకనుకి 343 మీటర్లు వెళ్తుంది. ఒక సెంటీమీటరు దూరం వెళ్లి రావడానికి 58 మైక్రోసెకన్లు. కాబట్టి వచ్చిన సమయాన్ని 58తో భాగిస్తే సెంటీమీటర్లు.

తీగలు కలిపేటప్పుడు ఒక్క చోట జాగ్రత్త కావాలి. సెన్సరు 5 వోల్టులది, బోర్డు పిన్నులు 3.3 వోల్టులకి తయారైనవి. ట్రిగ్‌తో ఇబ్బంది లేదు, డీ1కి నేరుగా కలపండి. ఎకో మాత్రం 5 వోల్టులు వెనక్కి పంపిస్తుంది. దాన్ని ఒక కిలో ఓము రెసిస్టరు గుండా డీ2కి తెచ్చి, డీ2 నుంచి రెండు కిలో ఓముల రెసిస్టరుని గ్రౌండుకి కలపండి. 5 వోల్టుల్లో మూడింట రెండు వంతులు, అంటే సుమారు 3.3 వోల్టులే పిన్నుకి అందుతాయి. "రెసిస్టర్లు లేకుండానే మా వాడిది పనిచేస్తోందే" అంటారు కొందరు. పనిచేస్తుంది, కొన్నాళ్లు. మల్టీమీటరు ఉంటే రెసిస్టర్లు ఎంతెంతవో కొలిచి చూసుకుని మరీ పెట్టండి. వాటి విలువ చెప్పే రంగు చారలు ఎంత అనుభవమున్న కంటినైనా మోసం చేస్తాయి.

ఇప్పుడు వైఫై ఊసెత్తకుండా కంప్యూటరు ముందే కూర్చోండి. సెన్సరుని గోడకి ఎదురుగా పెట్టి టేపు పరచండి. 10 సెంటీమీటర్ల దగ్గర, 20 దగ్గర, 50 దగ్గర, 100 దగ్గర ఎంత చూపిస్తోందో నోటుబుక్కులో రాయండి. ఎడమవైపు టేపు చెప్పింది, కుడివైపు సెన్సరు చెప్పింది. తర్వాత గోడ బదులు దిండు పెట్టి చూడండి. మెత్తటి గుడ్డ శబ్దాన్ని మింగేస్తుంది, అంకెలు చెల్లాచెదురవుతాయి. ఒక పుస్తకాన్ని వాలుగా పెట్టి చూడండి. శబ్దం పక్కకి తప్పుకుంటుంది, అంకె ఎటో పోతుంది. అటు తర్వాత బకెట్టులో నీళ్లు పోసి పైనుంచి కొలవండి. నీళ్లు చేత్తో కదిలించి మళ్లీ కొలవండి. ఈ ఆటకి ఒక పూటంతా పట్టినా నష్టం లేదు. సెన్సరు ఎప్పుడు నిజం చెప్తుందో, ఎక్కడ తడబడుతుందో మీ చేతికి తెలిసేది ఈ పూటే.

నేర్పేవారికి ఇక్కడ ఒక మాట. విద్యార్థి తీగ తప్పు పెట్టినప్పుడు మీ చేయి ముందుకి రాకూడదు. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాను. "కరెంటు ఎక్కడినుంచి బయల్దేరింది? ఎక్కడిదాకా వచ్చింది?" అని మాత్రమే అడుగుతాను. వాళ్లు వేలితో తీగ వెంట నడుస్తారు, తప్పు దగ్గరికి వాళ్ల వేలే వెళ్తుంది. మీరు పీకి సరిగ్గా పెట్టేస్తే ఆ రోజు ప్రాజెక్టు పనిచేస్తుంది గానీ ఆ విద్యార్థి ఇంటికెళ్లి ఒంటరిగా చేయలేరు.

సున్నా చెప్పిన అబద్ధం

తెనాలి దగ్గరి పల్లె నుంచి వచ్చిన డిప్లొమా విద్యార్థిని ఒకామె ఈ పనంతా చకచకా చేసేసింది. వాళ్ల ట్యాంకు లోతు 120 సెంటీమీటర్లు. 120లోంచి సెన్సరు చూపిన దూరం తీసేస్తే నీటిమట్టం. లెక్క సరైనదే. వారం తర్వాత ఒక సాయంత్రం ఫోనులో ట్యాంకు నిండుగా ఉన్నట్టు కనిపించింది. వాళ్లమ్మ మోటారు వేయలేదు. రాత్రి వంటకి నీళ్లు లేవు.

ఆ అమ్మాయి మర్నాడు నా దగ్గరికి ఫిర్యాదు తేలేదు, నోటుబుక్కు తెచ్చింది. ఎకో తీగ వదులై ఊడిపోయిందని ముందే పట్టుకుంది. "తీగ ఊడితే ఖాళీ అనో తప్పు అనో చూపించాలి కదా సార్, నిండుగా ఉందని ఎందుకు చూపించింది?" అని అడిగింది. నేను ఇన్నేళ్లలో విన్న మంచి ప్రశ్నల్లో అదొకటి. ప్రతిధ్వని కోసం ఎదురుచూసే పల్స్ఇన్ అనే ఆదేశం, గడువులోగా ఏమీ రాకపోతే సున్నా అని చెప్పి ఊరుకుంటుంది. ప్రోగ్రాము ఆ సున్నాని దూరం అనుకుంది. 120లోంచి సున్నా తీసేస్తే 120. ట్యాంకు నిండిపోయింది.

జవాబు రాకపోవడం వేరు, జవాబు సున్నా కావడం వేరు. ఈ తేడా తెలియని ప్రోగ్రాము ఎంత అందమైన గ్రాఫులు గీసినా పనికిరాదని నా అభిప్రాయం. హెచ్‌సీ-ఎస్ఆర్04 కొలవగలిగేది 2 సెంటీమీటర్ల నుంచి 4 మీటర్ల దాకా. మన ట్యాంకుకి అందులోనూ కొంతే కావాలి. ఆ హద్దులు దాటిన ప్రతి అంకెనీ గుమ్మం బయటే ఆపేయండి. ఆపేశాక "సెన్సరు పలకడం లేదు" అని ఫోనుకి ఒక మాట పంపండి. పాత అంకెని అలాగే వదిలేయకండి.

హద్దుల్లోపల కూడా అప్పుడప్పుడు ఒక పిచ్చి అంకె దూరుతుంది. అందుకే ఒకసారి కొలిచి నమ్మకండి. ఐదుసార్లు కొలిచి, చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరుసలో పెట్టి, మధ్యలో ఉన్నది తీసుకోండి. సగటు తీయొద్దంటాను. 58, 58, 59, 58, 210 వచ్చాయనుకోండి. సగటు తీస్తే 88 దాటుతుంది, మధ్యది తీస్తే 58. సగటులో ఒక్క తప్పుడు సాక్షి తీర్పుని మార్చేస్తాడు. మధ్య అంకె అతణ్ణి పట్టించుకోదు.

టేబులు మీద అన్నీ కుదిరాక డాబా ఎక్కండి. హెచ్‌సీ-ఎస్ఆర్04ని ట్యాంకులో పెడితే ఆవిరికి తుప్పు పడుతుంది. అసలు స్థలంలో దాని తోబుట్టువు జేఎస్ఎన్-ఎస్ఆర్04టీ పెట్టాలి. దాని కన్నుకి నీళ్ల భయం లేదు, సర్క్యూటు వేరే ఉంటుంది, మధ్యలో పొడుగాటి తీగ. కానీ అది సుమారు 20 నుంచి 25 సెంటీమీటర్ల లోపల ఉన్నదాన్ని చూడలేదు. అందుచేత నీళ్లు నిండే గీతకి కనీసం 25 సెంటీమీటర్ల పైన బిగించండి. నీళ్లు పడే గొట్టానికి దూరంగా బిగించండి, లేకపోతే పడే ధారనే మట్టం అనుకుంటుంది. బోర్డుని మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో, నీడపట్టున ఉంచండి.

ఫోను దాకా

ఇంతవరకు ఇంటర్నెట్ లేదు. ఇప్పుడు తీసుకురండి. సెన్సరు అంకె నిజమని తేలింది కాబట్టి, ఇకముందు ఏ తప్పు వచ్చినా అది దారిలోనిదే. వెతకాల్సిన చోటు సగానికి తగ్గింది. రెండూ ఒకేసారి కలిపినవాళ్లు తప్పు ఏ సగంలో ఉందో తెలియక రాత్రులు కూర్చుంటారు.

ఈఎస్‌పీ8266కి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే తెలుసు. మీ రూటరు 5 గిగాహెర్ట్జ్ పేరుతో ఒకటి, మామూలు పేరుతో ఒకటి చూపిస్తుంటే మామూలుది ఇవ్వండి. వైఫైకి కలిసే క్షణంలో బోర్డు తనంతట తానే రీసెట్ అవుతుంటే ప్రోగ్రాము తిరగరాయకండి, ముందు కేబులునీ ఛార్జరునీ మార్చి చూడండి. వైఫై పంపేటప్పుడు అది ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, సన్నటి కేబులు అందించలేకపోతుంది.

అంకెని ఫోను దాకా చేర్చడానికి సులువైన దారి థింగ్‌స్పీక్ లాంటి సేవ. ఉచిత ఖాతాకి 15 సెకన్లకి ఒకసారి పంపనిస్తుంది. మనకి నిమిషానికొకటి చాలు. గ్రాఫు అదే గీస్తుంది. కొంచెం ముందుకి వెళ్లాలనుకునేవారు ఎంక్యూటీటీ అనే సందేశ పద్ధతి నేర్చుకోండి. 1999లో ఐబీఎంకి చెందిన ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆయనతో కలిసి ఆర్లెన్ నిప్పర్ దీన్ని రూపొందించారు. మనుషులు లేని చోట్ల పరుచుకున్న చమురు గొట్టాల సంగతిని ఉపగ్రహం ద్వారా, తక్కువ ఖర్చుతో తెలుసుకోవడం అప్పటి అవసరం. అందుకే అది మాట పొదుపుగా వాడుతుంది. మధ్యలో బ్రోకరు అనే ఒక కంప్యూటరు ఉంటుంది. మీ బోర్డు "ఇల్లు/ట్యాంకు/మట్టం" అనే శీర్షిక కింద 62 అని చెప్తుంది. ఆ శీర్షిక కావాలని ముందే అడిగి ఉంచిన ఫోనులన్నిటికీ బ్రోకరు ఆ మాట అందిస్తుంది. శీర్షికలు తెలుగు లిపిలో పెట్టినా దానికి అభ్యంతరం లేదు.

ఎంక్యూటీటీలో నాకు బాగా నచ్చినది వీలునామా. బోర్డు కలిసేటప్పుడే బ్రోకరుకి ఒక మాట రాసిస్తుంది: "నేను చెప్పాపెట్టకుండా మాయమైతే, నా పేరిట ఈ మాట చెప్పు." కరెంటు పోయి బోర్డు ఆగిపోతే కాసేపటికి బ్రోకరు ఆ వీలునామా చదువుతుంది, మీ ఫోనులో "ట్యాంకు బోర్డు అందుబాటులో లేదు" అని వస్తుంది. ఆ ఏర్పాటు లేకపోతే ఫోను నిన్నటి 62నే పట్టుకుని ఇవాళ్టిదిలా చూపిస్తూ ఉంటుంది. తెనాలి అమ్మాయిని మోసం చేసిన సున్నా మళ్లీ ఇంకో వేషంలో వచ్చిందన్నమాట. వీలునామా పెట్టినా పెట్టకపోయినా, అంకె పక్కన అది వచ్చిన సమయం తప్పకుండా కనపడాలి.

పరీక్ష కోసం అందరికీ తెరిచి ఉంచిన బ్రోకర్లు ఉన్నాయి. వాటిలో నేర్చుకోండి, కానీ అక్కడ మీరు చెప్పేది ఎవరైనా వినగలరు, మీ శీర్షిక కింద ఎవరైనా మాట్లాడగలరు. రోజూ వాడేదానికి పాస్‌వర్డు ఉన్న బ్రోకరు పెట్టుకోండి. ప్రోగ్రాముని స్నేహితుల వాట్సాప్ గ్రూపులో పంచుకునే ముందు అందులోని మీ వైఫై పాస్‌వర్డు తీసేయండి. చిన్న పరికరానికి ఇంత కాపలా దేనికి అనుకోకండి. 2016లో మిరాయ్ అనే ప్రోగ్రాము ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్చని కెమెరాలనీ రూటర్లనీ లక్షల సంఖ్యలో ఆక్రమించింది. ఆ అక్టోబరులో వాటిలో చాలావాటిని కలిపి, వెబ్‌సైట్ల చిరునామాలు వెతికిపెట్టే ఒక్క కంపెనీ మీదికి ఉసిగొల్పితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి కొన్ని గంటలు చాలామందికి అందలేదు. అవన్నీ ఎవరో ఇంట్లో మూల పెట్టుకున్న చిన్న పరికరాలే.

గ్రాఫు రెండు వారాలు నడిచాక అసలు చదువు మొదలవుతుంది. మీ ట్యాంకు నిలువు గుండ్రం అయి, అడ్డుకొలత 100 సెంటీమీటర్లు అనుకుందాం. ఒక సెంటీమీటరు నీరు అంటే 7.85 లీటర్లు. రాత్రి అందరూ పడుకున్నాక గ్రాఫు బల్లపరుపుగా ఉండాలి. గంటకొక సెంటీమీటరు జారుతోందంటే ఎక్కడో కారుతోంది. ఆ లెక్కన రోజుకి 188 లీటర్లు. ఫ్లష్ ట్యాంకులో అరిగిపోయిన ఒక వాషరు చాలు ఇంత నీరు పారబోయడానికి.

రిటైరయ్యాక ఈ విద్య నేర్చుకున్న లెక్కల మాస్టారొకరు తన గ్రాఫులో రాత్రి మొత్తానికి ఒక సెంటీమీటరు పైన జారుడు చూశారు. ప్లంబరుని పిలిపించారు. అతను ఇల్లంతా వెతికి ఏమీ లేదన్నాడు. మాస్టారు రాత్రి పదింటికి డాబా ఎక్కి టేపు దించారు, మళ్లీ తెల్లవారి ఐదింటికి దించారు. టేపు ప్రకారం నీరు కదలలేదు. అంటే నీరు కారడం లేదు, సెన్సరే కథ చెప్తోంది. ఎందుకో తేలడానికి ఆయనకి రెండు రోజులు పట్టింది. మే నెల. పగలు ఎండకి కాలిన నల్ల ట్యాంకు తెల్లవారేసరికి చల్లబడుతుంది. వేడి గాలిలో శబ్దం వేగంగా వెళ్తుంది, 40 డిగ్రీల్లో సెకనుకి 355 మీటర్లు. గాలి చల్లబడేకొద్దీ కేక తిరిగి రావడం ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాన్ని ప్రోగ్రాము దూరం అనుకుంటుంది, నీరు దిగిందని చెప్తుంది. సెన్సరు నుంచి నీటికి 80 సెంటీమీటర్లు ఉన్నప్పుడు గాలి 35 డిగ్రీల నుంచి 27కి దిగితే ఒక సెంటీమీటరు పైన తేడా వస్తుంది. ఆయన చూసింది సరిగ్గా అంతే.

ఆయన డీఎస్18బీ20 అనే ఉష్ణోగ్రత సెన్సరు తెచ్చారు. స్టీలు గొట్టంలో మూసి వస్తుంది, తడికి చెడదు, అర డిగ్రీ లోపల నిజం చెప్తుంది. దాని డేటా తీగకీ 3.3 వోల్టులకీ మధ్య 4.7 కిలో ఓముల రెసిస్టరు ఒకటి పెట్టాలి. దాన్ని ట్యాంకు లోపల నీటికి పైన వేలాడదీసి, శబ్దవేగాన్ని సున్నా డిగ్రీల దగ్గర 331.3తో మొదలుపెట్టి, డిగ్రీకి 0.606 చొప్పున కలుపుకుంటూ పోయేలా ప్రోగ్రాము మార్చారు. ఆ రాత్రి గ్రాఫు బల్లపరుపుగా నడిచింది. మోటారు ఎప్పుడు వేయాలో తెలుసుకోవడానికి ఒక సెంటీమీటరు తేడా లెక్కలోకి రాదు, నేనైతే ఆ దిద్దుబాటు లేకుండానే వాడతాను. కారుడు పట్టుకోవాలంటే మాత్రం అది లేకుండా కుదరదు. ఏ పనికి ఎంత కచ్చితత్వం కావాలో తేల్చుకోవడం ఇంజినీరు పనే, మాస్టారు అరవై దాటాక ఆ పని చేశారు.

చివరిగా మోటారు. మట్టం తెలిశాక మోటారు కూడా దానంతట అదే ఆగితే బాగుంటుందని అందరికీ అనిపిస్తుంది. దానికి స్విచ్చిలా వాడే చిన్న రిలే మాడ్యూలు మీద 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని రాసి ఉంటుంది, ధైర్యం వస్తుంది. కానీ మోటారు తిరగడం మొదలుపెట్టే క్షణంలో మామూలుకి ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. రిలే లోపలి పలకలు అంటుకుపోతే ఆగమన్నా మోటారు ఆగదు. 230 వోల్టులు మనిషిని చంపుతాయి, డాబా మీద తడి కూడా ఉంటుంది. ఈ పుస్తకం చదివి మోటారు తీగలు విప్పకండి. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ని పిలిచి, మోటారుకి తగిన కాంటాక్టరో స్టార్టరో పెట్టించి, మీ బోర్డు దాన్ని మాత్రమే పలకరించేలా చేయించుకోండి. అప్పటిదాకా ఫోను చెప్తే మీరే వెళ్లి స్విచ్చి కట్టండి.

ఈ ఆదివారం ఏమీ కొనకండి. టేపు, పెన్సిలు, నోటుబుక్కు తీసుకుని డాబా ఎక్కండి. ట్యాంకు లోతు, అడ్డుకొలత, నీళ్లు నిండే గీత నుంచి మూత దాకా ఉన్న ఖాళీ, ఈ మూడూ కొలిచి మొదటి పేజీలో తేదీ వేసి రాయండి. నిచ్చెన కింద ఎవరినైనా పట్టుకోమనండి.